గోంగూర అని చెప్పిన మొక్క

స్వరూపకు ఆకుల ఫొటోలంటే విరక్తి పుట్టి చాలా కాలమైంది. పొద్దున స్టవ్ మీద పాలు పొంగేలోపే ఫోన్ టింగు టింగుమంటుంది. ఎక్కడో మల్కాజిగిరిలో ఎవరి బాల్కనీలోనో మనీప్లాంట్ పసుపెక్కుతుంది. లాలాపేట్‌లో ఒకాయన కరివేపాకుకు నల్లమచ్చలొస్తాయి. ఒక ఫొటోలో ఆకు కన్నా తీసినవాళ్ల బొటనవేలే పెద్దగా కనిపిస్తుంది, ఇంకో ఫొటోలో ఆకు ఉందో మబ్బుందో తెలియదు. అన్నింటి కిందా ఒకటే మాట. "మేడమ్, ఏం మందు కొట్టాలె?"

మొక్కకు ఏమైందని ఒక్కరూ అడగరు. మందు పేరు చెబితే చాలు, పరిగెత్తుకెళ్లి కొట్టేస్తారు. ఆ ప్రశ్న చూసినప్పుడల్లా స్వరూపకు ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది.

ఆమె ఉండేది తార్నాకలో, పనిచేసేది ఆ పక్కనే ఉన్న యూనివర్సిటీలో. బాటనీ డిపార్ట్‌మెంట్‌లో మొక్కల తెగుళ్ల గురించి పాఠం చెప్పే ప్రొఫెసరమ్మ. కొన్నేళ్ల కింద అప్పటి హెడ్‌గారికి ఉన్నట్టుండి ప్రజాసేవ మీదికి మనసుపోయి 'మొక్కల క్లినిక్' అని ఒక ఫోన్ నంబర్ పెట్టించారు. ఎవరైనా ఆ నంబర్‌కు ఆకు ఫొటో పంపితే జబ్బేమిటో చెబుతారన్నమాట. ప్రారంభం రోజు శాలువాలు కప్పుకున్నారు, సమోసాలు తిన్నారు. ఆ తర్వాత హెడ్‌గారు రిటైరై వెళ్లిపోయారు. ఫోన్ మాత్రం స్వరూప బ్యాగులో ఉండిపోయింది.

పోనీ పడేద్దామంటే ఆమెకు చేతకాదు. ఆమె పుట్టింది జనగామ దిక్కు ఒక ఊళ్లో. తండ్రి బుచ్చిరాములు మిరప వేసేవాడు. ఆమె పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ ఏడు మిరప ఆకులన్నీ ముడుచుకుపోయాయి. మందుల దుకాణం ఆయన ఒక సీసా ఇచ్చాడు, అది పనిచేయకపోతే ఇంకోటి ఇచ్చాడు, దాని మీద మరోటి. చివరికి చేనంతా ఎండిన చీపురుకట్టలా నిలబడింది. చాలా రోజుల తర్వాత ఎవరో వ్యవసాయాఫీసరు వచ్చి ఒక ఆకు తిప్పి చూపించాడు. అడుగున సన్నటి పురుగులు కదులుతున్నాయి. అప్పటిదాకా ఊళ్లో ఒక్కరూ ఆకు తిప్పలేదు. ఆ సంగతి స్వరూప మనసులో ముల్లులా దిగిపోయింది. డిగ్రీలో బాటనీ తీసుకున్నది అందుకే. బుచ్చిరాములు మాత్రం ఇప్పటికీ సీసా మూత రంగు చూసే మందు కొంటాడు. ఆయనతో ఫోన్లో మాట్లాడిన రోజు స్వరూప ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడదు.

అట్లాంటి మనిషికి ఒక ఎండాకాలం మొదట్లో కొత్త నంబర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. పేరు లేదు. ప్రొఫైల్ బొమ్మ ఒక జలపాతం.

"నమస్తే మేడమ్. ఇంట్లో కుండీలో గోంగూర పెంచుతున్నాను. ఆకు మీద తెల్లటి చుక్కలు వస్తున్నాయి. దయచేసి ఏమైందో చెప్పగలరు."

ఏమైందో చెప్పమన్నాడు, ఏం మందు కొట్టాలని అడగలేదు. స్వరూపకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఫొటో తెరిచేసరికి ఆ సంబరం చల్లారింది. గదిలో మొక్కలకు ఎండకు బదులు పెట్టే ఊదారంగు లైటు కింద తీసిన బొమ్మ. అందులో ఒకే ఒక సన్నని ఆకు వేలు, అంచుల వెంట రంపపు పళ్లు. మిగతాదంతా తీసినవాడి అరచేతి కింద ఉంది. మన పొలాల్లో వేసే గోంగూరలో ఒక రకానికి ఆకు వేళ్లు వేళ్లుగానే ఉంటుంది కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు.

"ఆ లైటు బంద్ చేసి, కిటికీ కాడ పెట్టి ఫొటో తియ్యండి. ఆకు తిప్పి అడుగు దిక్కు తియ్యండి," అని పెట్టింది.

మర్నాడు మళ్లీ ఫొటో వచ్చింది. అదే ఊదా లైటు, ఆకు అదే పైభాగం. పైగా ఒక కొత్త వార్త. "నిన్న పాలు నీళ్లలో కలిపి స్ప్రే చేశాను మేడమ్. యూట్యూబ్‌లో చెప్పారు."

"పాలు ఎందుకు కొట్టిండ్రు? అది బూడిద తెగులుకు. మీకు బూడిద తెగులు ఉన్నదని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. చుక్కలు తెల్లగా ఉన్నాయని."

ఇక అక్కడి నుంచి మొదలైంది. పాల తర్వాత వంటసోడా, వంటసోడా తర్వాత వేపనూనె. అదీ నీళ్లలో సరిగ్గా కలపకుండా కొట్టడంతో ఆకులు మాడాయి. ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి కిందికి వంగాయని ఒక ఫొటో పంపితే, ఎరువు ఎక్కువైందని చెప్పింది. కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయని ఇంకో రోజు రాస్తే, నీళ్లు తగ్గించమంది. మట్టి మీద నల్లటి చిన్న దోమలు ఎగురుతున్నాయట. మట్టి ఆరనియ్యకుండా పోస్తే అవి రాక సీతాకోకచిలకలు వస్తాయా అని రాసింది. ఎన్ని చెప్పినా అతను ఆకు మాత్రం తిప్పడు.

ఒక పొద్దున టిఫిన్ దగ్గర ఫోన్ పక్కన పడేసి, "ఈ మనిషి గోంగూర పెంచుతుండా, పాయసం వండుతుండా నాకైతే సమజైతలేదు," అంది.

భర్త కమలాకర్ రైల్వేలో పనిచేస్తాడు. ఆయనకు తొందర ఉండదు, తొందర ఉన్నవాళ్లంటే జాలి ఉంటుంది. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ, "బ్లాక్ చెయ్యరాదు?" అన్నాడు.

"బ్లాక్ చేస్తే మొక్క చస్తది."

"ఎవని మొక్కనో చస్తే నీకేంది? గోంగూర కట్ట మోండా మార్కెట్ల దొరుకుతది."

ఆయన చెప్పింది నిజమే. గోంగూర కోసం ఊదా లైటు పెట్టుకుని ఇన్ని తంటాలు పడేవాళ్లను ఆమె ఇంతవరకు చూడలేదు. కానీ హైదరాబాద్‌లో మనుషులు ఇప్పుడు గదిలో స్ట్రాబెర్రీలు పెంచుతున్నారు, బాత్రూంలో పుట్టగొడుగులు పెంచుతున్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆ రోజు చివరిసారిగా చెబుతున్నట్టు గట్టిగా రాసింది. "చుక్కలంటే రసం పీల్చే పురుగు ఉన్నట్టు. అది ఆకు అడుగున ఉంటది. ఒక భూతద్దం సంపాదించి, ఆకు తిప్పి చూసి, ఏం కనపడ్డదో చెప్పండి. అప్పటిదాకా నన్ను ఏమీ అడగొద్దు."

"సరే మేడమ్. క్షమించండి," అని వచ్చింది.

ఆ తర్వాత ల్యాబ్‌లో ఆమె భూతద్దం కనిపించకుండా పోయింది.

అది విలువైన వస్తువేమీ కాదు. చదువుకునే రోజుల్లో కోఠిలో కొన్నది. పిడి విరిగితే ఆకుపచ్చ ఇన్సులేషన్ టేపు చుట్టి వాడుకుంటోంది. ఇరవై ఏళ్లుగా ఆమె టేబుల్ కుడి సొరుగులో ఉంటుంది. ఆ సొరుగు నాలుగుసార్లు లాగి, మూసి, అందరినీ కేకేసింది. "పోయేటోల్లు వచ్చేటోల్లు చెయ్యి పెడితే ల్యాబ్ ఎట్ల నడుస్తది? ఊడ్చేటప్పుడు జర చూసి ఊడ్వాలె," అని గాలిలోకి అంది. ల్యాబ్ ఊడ్చేది అటెండర్ ఎంకన్న ఒక్కడే. అతను చీపురు గోడకు ఆనించి బయటికెళ్లాడు.

అప్పుడే, అదే వారంలో స్నిగ్ధ పరిగెత్తుకుంటూ వచ్చింది.

స్నిగ్ధ స్వరూప దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. బొబ్బర్లకు వచ్చే ఒక వైరస్ తెగులును తట్టుకునే రకాలేవో కనిపెట్టడం ఆమె పని. డిపార్ట్‌మెంట్ వెనక ఉన్న గాజుగదిలో వరసలు వరసలుగా కుండీలు పెట్టి, వాటి మధ్యే నెలల తరబడి బతికింది. పండక్కి కూడా నీళ్లు పోయడానికి వచ్చేది. ఆ రోజు ఆమె ముఖం చూడగానే స్వరూప చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టేసింది.

"మేడమ్, ఒకసారి రండి."

గాజుగదిలో కిటికీ వైపు వరసంతా పాలిపోయి ఉంది. ఆకుల మీద సూదితో పొడిచినట్టు లెక్కలేనన్ని తెల్లటి చుక్కలు. స్వరూప ఒక ఆకు తిప్పింది. అడుగున సన్నటి సాలెగూడు, అందులో ఇసుకరేణువుల్లా కదులుతున్న ఎర్రనల్లి. ఇంకో వరసలో చూసింది. అక్కడా ఉంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇది ఎట్ల వచ్చింది?" అని అడిగింది. స్నిగ్ధను కాదు, తనను తానే.

ఎర్రనల్లికి రెక్కలుండవు. గాలికి కొట్టుకు రావాలి, లేదంటే మనిషి చేతుల మీదో చొక్కా మీదో ఎక్కి రావాలి. గాజుగదిలోకి గాలి జొరబడదు, రెండు తలుపులున్నాయి. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉన్నాయి. స్వరూప, స్నిగ్ధ, ఆమెలాగే పరిశోధన చేస్తున్న రవికాంత్.

"నా ప్రయోగం పోయినట్టేనా మేడమ్?" అంది స్నిగ్ధ. గొంతు వణకలేదు. అదే స్వరూపకు ఎక్కువ బాధనిపించింది.

"చూద్దాం," అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. వైరస్ తట్టుకుంటుందో లేదో చూడాల్సిన మొక్కను ముందే నల్లి పీల్చేస్తే ఇక దాంతో చూసేదేముంటుంది?

స్వరూప తన గదిలోకొచ్చి స్టూల్ మీద కూర్చుంది. అప్పుడే క్లినిక్ ఫోన్ మోగింది. జలపాతం.

ఈసారి ఆకు తిప్పి తీశాడు. పైగా పగటి వెలుగులో, భూతద్దం ఆనించి తీశాడు. అద్దంలో నల్లి స్పష్టంగా కనిపిస్తోంది, వీపు మీద రెండు నల్లమచ్చలతో సహా. "మీరు చెప్పినట్టే చేశాను మేడమ్. ఇవేనా?" అని కింద రాశాడు.

ఆమె చూపు నల్లి మీద ఆగలేదు. అద్దం అంచున ఆకుపచ్చ టేపు ఉంది. టేపు కొస చిరిగిన చోట తను వేసిన ఫెవిక్విక్ మరక కూడా ఉంది.

ఆ తర్వాత అద్దం వెనకున్న ఆకు కనిపించింది. తొందరలో ఈసారి చేయి అడ్డం పెట్టడం మరిచిపోయినట్టున్నాడు. ఏడు వేళ్లు. గోంగూర ఆకు ఎంత చీలినా వేళ్లన్నీ కింద అరచేయిలా కలిసే ఉంటాయి. ఈ ఆకు వేళ్లు కలవలేదు. ఏ వేలుకా వేలు విడివిడిగా కాడ కొసన అతుక్కుని ఉంది.

గంజాయి.

స్వరూప ఫోన్‌ను బోర్లా పెట్టింది. ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు తనే చెబుతుంది. గోంగూర శాస్త్రీయ నామంలో గంజాయి పేరు దాగుందనీ, ఆకు చూసి పొరబడొద్దనీ. పిల్లలు కిసుక్కున నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. అట్లాంటిది ఇన్ని వారాలుగా ఒక గంజాయి మొక్కకు వైద్యం చేసింది. ఎరువు తగ్గించమంది, నీళ్లు తగ్గించమంది.

భూతద్దం సొరుగు ఎక్కడుందో తెలిసినవాడు. గాజుగది తాళం ఉన్నవాడు. పొద్దున ఇంట్లో మొక్కను పట్టుకుని అదే చొక్కాతో గాజుగదిలోకి వచ్చేవాడు. ఇంకా ఆలోచించడానికి ఏముంది? ఫోన్ తీసి రాసింది.

"రవికాంత్. భూతద్దం పట్టుకొని నా రూముకు రా."

నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి తలుపు దగ్గర చప్పుడైంది.

రవికాంత్ వయసు ఇరవై ఎనిమిది. వాళ్లది ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఉద్యోగుల కుటుంబం. ఇంట్లో ఉంటే థీసిస్ నడవడం లేదని అడిక్‌మెట్‌లో గది తీసుకున్నాడు. ఎప్పుడూ ల్యాబ్‌లో మెషిన్ల దగ్గరే కూర్చుంటాడు. మొక్క జన్యువులను గొట్టాల్లో పోసి చూడటంలో అతన్ని మించినవాడు లేడు. భూతద్దాన్ని చేతిరుమాలులో చుట్టి తెచ్చాడు. టేబుల్ మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"తాగుతవా?" అంది స్వరూప.

"లేదు మేడమ్."

"నిజం చెప్పు."

"ఒకసారి మా రూమ్మేట్ ఇస్తే దగ్గు వచ్చింది. అంతే మేడమ్. మొక్కలు వాడివే. బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. పారేయమని చెప్పి వెళ్లాడు."

"మరి పారెయ్యక ఏం చేసినవ్?"

"అప్పటికే ఒకటి జబ్బుగా ఉంది మేడమ్. చచ్చిపోతుంటే చూడలేకపోయాను. బాగు చేసి పారేద్దామనుకున్నాను."

"బాగు చేసి పారేద్దామనుకున్నవ్."

"అవును మేడమ్."

స్వరూప కుర్చీలో వెనక్కి వాలింది. చాలా ఏళ్లుగా విద్యార్థులు చెప్పే సాకులు విని విని చెవులు కాయలు కాసిన మనిషి. ఇట్లాంటిది మాత్రం వినలేదు. అబద్ధమైతే ఇంతకన్నా మంచిది అల్లేవాడు, కాబట్టి నిజమే అయి ఉండాలి.

"పోలీసోల్లు వస్తే, జబ్బు మొక్క సార్, జాలిపడి నీళ్లు పోసిన అని చెప్తవా? మొక్క ఎవరిదని అడగరు. ఎవని రూముల ఉన్నదని అడుగుతరు. నీ పీహెచ్‌డీ పోతది, నీ నౌకరీ పోతది, మీ అమ్మానాన్నల పరువు పోతది. గింత చదువుకొని గీ పనా?"

"తప్పయింది మేడమ్."

"ఇంకోటి అడుగుత. నాలుగేండ్ల సంది మొక్కల తెగుళ్ల ల్యాబ్‌ల ఉన్నవ్. నీకు ఎర్రనల్లి తెల్వదా?"

అతను తల దించుకున్నాడు. "ఎప్పుడూ చూడలేదు మేడమ్. మిమ్మల్ని నేరుగా అడగడానికి సిగ్గేసింది."

స్వరూపకు అప్పటిదాకా వచ్చిన కోపం ఒకెత్తు, ఇప్పుడొచ్చింది ఒకెత్తు. గంజాయి పెంచినందుకు కన్నా నల్లి తెలియనందుకే తనకు ఎక్కువ మండుతోందని ఆమెకే అర్థమై, దానికి మళ్లీ చిరాకు పడింది. లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"పా."

"ఎక్కడికి మేడమ్?"

"నీ రూముకు. నీ ఒక్కని మీద విడిచిపెడితే నువ్వు దాన్ని చెత్తకుండీల ఏసి వస్తవ్. అడిక్‌మెట్ మొత్తానికి నల్లి పాకుతది. నడువ్."

అట్లా ఆ మధ్యాహ్నం డాక్టర్ స్వరూప స్కూటీ నడుపుతుంటే వెనక రవికాంత్ సబ్బు నీళ్ల డబ్బా, నల్ల కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద ఇద్దరు స్టూడెంట్లు నమస్తే మేడమ్ అన్నారు. ఆమె తల కూడా ఊపలేదు.

గది రెండో అంతస్తులో ఉంది. కింద ఇంటామె సాలమ్మ కుటుంబం. గదిలోకి అడుగుపెట్టగానే ఘాటుగా, ముక్కు పుటాలు బిగుసుకునేలా ఒక వాసన. బట్టల బీరువా తలుపు తీస్తే లోపల వెండికాగితం, ఊదా లైటు, చిన్న ఫ్యాను. రెండు కుండీలు. ఒక మొక్క ఎప్పుడో ఎండిపోయింది. రెండోది బతికే ఉంది కానీ దాన్ని బతుకు అనడానికి లేదు.

స్వరూప వంగి చూసింది. చూడకూడదనుకుంది, కానీ చేయి దానంతటదే ఆకు తిప్పింది.

"నీళ్లు ఎక్కువై వేరు కుళ్లింది. ఎరువు ఎక్కువై కొసలు మాడినయ్. వేపనూనెకు ఆకు కాలింది. గీ లైటు వేడికి, గాలి పొడిగ ఉండి నల్లి పుట్టలు పుట్టలు పెరిగింది. మట్టిల దోమ." నడుం నిటారుగా చేసుకుంది. "ఒక్క మొక్కకు గిన్ని రోగాలు నేను మా నాన్న చేన్ల గూడ చూడలె. ఎట్ల తెప్పిచ్చినవ్ రా?"

రవికాంత్ ఏదో చెప్పబోయాడు. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు మూసేలోపే సాలమ్మ లోపలికొచ్చింది. అరవై దాటిన మనిషి, కొంగుతో చెమట తుడుచుకుంటూ.

"ఎవరొచ్చిండ్రు బిడ్డా?"

"మా మేడమ్ అండి. యూనివర్సిటీ నుంచి," అన్నాడు రవికాంత్. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"నమస్తే మేడమ్. కూసోండ్రి. మంచిగ వచ్చిండ్రు గని, గీ రూముల గీ వాసనేందో మీరన్న చెప్పుండ్రి. ఎలుక చచ్చిందని నెల సంది దేవులాడుతున్న. ట్యాంకు గూడ కడిగిచ్చిన." మాట్లాడుతూనే ఆమె కళ్లు బీరువాలో పడ్డాయి. "గిదేం చెట్టు?"

మొక్క పేరు విషయంలో స్వరూప తన జీవితంలో ఎవరికీ అబద్ధం చెప్పలేదు. పరీక్షలో తప్పు పేరు రాసిన పిల్లలకు సగం మార్కు కూడా ఇచ్చేది కాదు.

"గోంగూర," అంది.

"గోంగూరనా?" సాలమ్మ దగ్గరికొచ్చింది. "బీరువల గోంగూరేంది మేడమ్?"

"ప్రయోగం. చదువుకు సంబంధించింది."

"ముదిరిపోయింది గని, రెండు రెమ్మలియ్యుండ్రి, పప్పుల ఏస్త. మా ఇంటాయనకు గోంగూరంటే పానం."

"వద్దు వద్దు," అంది స్వరూప, అవసరానికి మించి గట్టిగా. "దానికి పురుగుమందు కొట్టినం. తింటే పానానికి మంచిది కాదు. ఇప్పుడే తీసేస్తున్నం. వాసన గూడ పోతది."

"గోంగూరకు మందు కొట్టుడేంది? మా ఊర్ల మేకలు మేస్తయ్." సాలమ్మ ఆ మొక్క వైపు జాలిగా చూసింది. "గింత చదువుకున్నోల్లు గోంగూర గూడ సక్కగ పెంచరాదాయె," అని సణుక్కుంటూ మెట్లు దిగింది.

ఆమె అడుగుల చప్పుడు ఆగేదాకా స్వరూప కదల్లేదు. తర్వాత రవికాంత్ వైపు తిరిగి, "నాతోని అబద్ధమాడిపిచ్చినవ్," అంది మెల్లగా. అతనికి కేకల కన్నా అదే ఎక్కువ తగిలింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె పట్టించుకోకుండా కత్తెర చేతికిచ్చింది.

మొక్కను ముక్కలు ముక్కలుగా కత్తిరించి బకెట్లో మరిగే నీళ్లలో వేయించింది. సబ్బు, ఫినాయిల్ పోయించింది. గంజిలా అయ్యాక బాత్రూంలో పారబోయించింది. మట్టి మీద మరుగు నీళ్లు, బీరువాకు సబ్బు నీళ్లు. వెండికాగితం చింపించి, లైటు తీసి తన బ్యాగులో వేసుకుంది. ఒంటి మీదివి తప్ప అతని బట్టలన్నీ నానబెట్టించింది. నిలబడ్డ చోటల్లా ఏదో ఒకటి తిడుతూనే ఉంది. కుండీ అడుగున రంధ్రం చిన్నదని కూడా తిట్టింది.

బయల్దేరేముందు, "రేపు పొద్దుగాల స్నిగ్ధకు చెప్పాలె," అంది.

"మీరే చెప్పండి మేడమ్. నాకు..."

"నోరు నీకున్నది."

ఇంటికొచ్చి కమలాకర్‌కు అంతా చెప్పింది. ఆయన టీవీ ఆపేసి విన్నాడు. ఎప్పుడూ తొందరపడని మనిషి ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. "ఎవరికన్న తెలిస్తే? ఆ పిలగాడే కాదు, నువ్వు గూడ ఇరుక్కుందువు."

"తెల్సు."

"తెల్సి ఎందుకు పోయినవ్?"

ఫిర్యాదు చేస్తే వాడి బతుకు అక్కడితో తెగిపోయేది. చేయకపోతే తప్పు తన మెడకు చుట్టుకుంటుంది. రెంటి మధ్యా ఆలోచించడానికి కూర్చుంటే ఆ నల్లి ఇంకో గదికి పాకేది. "ముందు పురుగు ఆగాలె గద," అని మాత్రం అంది. ఆయన తల అడ్డంగా ఊపి, లేచి అన్నం వడ్డించాడు.

మర్నాడు రవికాంత్ గాజుగదిలో స్నిగ్ధకు చెప్పాడు. స్వరూప బయట నిలబడింది. లోపల ఏడుపులు, అరుపులు వినిపిస్తాయని ఎదురుచూసింది. చాలాసేపటికి స్నిగ్ధ గొంతు మాత్రమే వచ్చింది.

"మొదటి వారంలోనే నాకు చెప్పి ఉంటే ఆ కిటికీ వరస ఒక్కటే తీసేసేవాళ్లం. కదా?"

"అవును."

"అది తెలిసే చెప్పలేదా?"

"అది నల్లి అని తెలియదు స్నిగ్ధా. నిజంగా తెలియదు."

స్నిగ్ధ బయటికొచ్చి, స్వరూపను చూసి కూడా ఆగకుండా కారిడార్ వెంట వెళ్లిపోయింది. ఆ రోజు, ఆ మరుసటి రోజు రాలేదు. మూడో రోజు వచ్చి కుండీలు ఒక్కొక్కటే మోసుకెళ్లి వెనక గుంతలో పడేయడం మొదలుపెట్టింది. కొన్ని మొక్కలు పచ్చగానే ఉన్నాయి. వాటిని కూడా ఉంచడానికి లేదు. రవికాంత్ అడక్కుండానే ఇంకో వైపు నుంచి మోశాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

స్వరూపకు ఇంకో పని మిగిలింది. ఎంకన్న వరండాలో స్టూల్ మీద కూర్చుని ఉంటే వెళ్లి పక్కన నిలబడింది.

"భూతద్దం దొరికింది ఎంకన్నా. వేరేటోల్లు తీసిండ్రు. ఆ రోజు నేను అట్ల అనకపోయేది ఉండె."

"మీరు నా పేరు పెట్టి అనలే మేడమ్," అన్నాడు ఎంకన్న. "అయినా అందరు నా దిక్కే చూసిండ్రు."

మధ్యాహ్నం ల్యాబ్‌లో అందరూ ఉండగా స్వరూప, భూతద్దం తీసింది రవికాంత్ అనీ, ఎంకన్నను అనుమానించడం తన తప్పనీ చెప్పింది. ఎందుకు తీశాడో మాత్రం చెప్పలేదు. ఎంకన్న సాయంత్రం వెళ్లేటప్పుడు, "పోయొస్త మేడమ్," అని చెప్పి వెళ్లాడు. అంతకు ముందు కొన్ని రోజులుగా చెప్పకుండానే వెళ్తున్నాడు.

గాజుగదిని కడిగి, ఎండనిచ్చి, వానలు మొదలయ్యాక మళ్లీ విత్తనం వేశారు. పీహెచ్‌డీ కోసం స్నిగ్ధ ఇవ్వాల్సిన సెమినార్ ఏడాది వెనక్కి పోయింది. ఆమె ఇంట్లో ఎందుకు ఆలస్యమని అడిగితే పురుగు పట్టిందని చెప్పిందట. లోపలికెళ్లేవాళ్లు కోటు మార్చుకోవాలని స్వరూప రూలు పెట్టింది. రవికాంత్‌కు విడిగా ఇంకో రూలు ఉంది. రోజూ పొద్దున గాజుగదిలో ప్రతి మొక్కకూ ఆకులు తిప్పి చూడాలి. మెషిన్ దగ్గరికి ఆ తర్వాతే. మొదట్లో శిక్షలా చేశాడు. కొన్నాళ్లకు ఒక మొక్క ముందు కూర్చుంటే లేవడం మరిచిపోయేవాడు. తామర పురుగుకూ పేనుబంకకూ తేడా చెప్పగలిగాడు. ఒకసారి పిండినల్లి గుడ్లను స్వరూప కన్నా ముందే పట్టుకున్నాడు. ఆమె శెభాష్ అనలేదు. "ఇప్పుడు తెల్సిందా?" అంది.

ఆమె కోపం నిజంగా పోలేదు. వాడి థీసిస్ చదువుతూ ఒక కామా ఎక్కువైనా మండిపడేది. వాడిని చూస్తే సాలమ్మ ముందు నిలబడి తను ఆడిన అబద్ధం గుర్తుకొచ్చేది. ఒకరోజు చిక్కడపల్లి వైపు వెళ్లే బస్సులో ఆ ఇంటామె ఎదురైతే స్వరూప ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

శ్రావణమాసంలో ఒక పొద్దున గాజుగదిలో కొత్త మొక్కలకు వైరస్ ఎక్కించే పని మొదలైంది. స్నిగ్ధ ఒక ట్రే, రవికాంత్ ఒక ట్రే పట్టుకుని ఎదురెదురు వరసల్లో పనిచేస్తున్నారు. స్వరూప తలుపు దగ్గర కోటు గుండీలు పెట్టుకుంటోంది. స్నిగ్ధ తలెత్తకుండానే, "ఆ చివరి కుండీలకు చీటీలు నువ్వు రాసెయ్. నా రాత నాకే అర్థం కావట్లేదు," అంది.

రవికాంత్ ఒక్క క్షణం ఆగి, ఆమె ముందున్న పెన్ను తీసుకున్నాడు.

స్వరూపకు గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నట్టు తెలిసింది. విసుక్కుంటూ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవడం మొదలుపెట్టింది.